ముళ్ళున్నదెల్లా కాక్టస్ కాదు

మా ఇంటికి వచ్చినవారు అరుగు మీద వరుసగా ఉన్న ముళ్ళ కుండీలను చూసి రెండు ప్రశ్నలు తప్పక అడుగుతారు. మొదటిది, "అయ్యగారూ, ముళ్ళ మొక్కలు ఇంటి ముందు పెట్టుకోవచ్చునా?" రెండవది, "దీని పేరేమిటి?" మొదటి ప్రశ్నకు నవ్వి ఊరుకుంటాము. గులాబీకి లేని దోషం దీనికెందుకు? రెండవ ప్రశ్న అడిగినవారిని మాత్రం కూర్చోబెట్టి జవాబు చెబుతాము. పేరు తెలియకపోవడం వలన మా ఇంట్లోనే ఒక పసిదాని కన్ను పోవలసింది.

ఇది 2013 వేసవిలో జరిగిన సంగతి. అప్పుడు మేము ప్రకాశం జిల్లా పడమటి మెట్ట ప్రాంతంలో ఒక సంఘమునకు బదిలీపై వచ్చి రెండేళ్ళయినది. నీటికి కరువు. మా సతీమణి ప్రాణంగా పెంచుకున్న గులాబీలు, మందారాలు వరుసగా రెండు ఎండాకాలాలలో మాడిపోయినవి. ఆమె దిగులు చూసి సంఘపు పెద్ద ఒకాయన, రిటైరైన మాస్టారు, బంతి వంటి ముళ్ళ మొక్క ఒకటి తెచ్చి ఇచ్చారు. "నీళ్ళు పోయడం మరచిపోయినా బ్రతుకుతుందమ్మా" అన్నారు. అది నిజంగానే బ్రతికింది. అక్కడి నుండి మాకు ఆశ పుట్టినది. ఎక్కడ ముళ్ళ మొక్క కనబడినా ఒక ముక్క తెచ్చి డబ్బాలో పెట్టడమే. ఒక పొలం కంచె నుండి మూడు పలకలుగా ఉన్న పచ్చని కాడ ఒకటి తెచ్చి పాత రంగు డబ్బాలో నాటాము. అది ఏడాదిలో నిలువెత్తు అయినది. మాకు అన్నీ కాక్టస్‌లే. అదీ కాక్టసే.

మా చిన్నమ్మాయికి అప్పుడు ఆరేళ్ళు. ఆటలో బంతి వెళ్ళి ఆ డబ్బాలో పడితే, తీయబోయి కొమ్మ విరిచినది. కేక విని పరుగెత్తాము. పిల్ల కన్ను మూసుకొని గిలగిల కొట్టుకొంటున్నది. కంటిలో ముల్లు విరిగిందని అనుకొన్నాము. రెప్ప ఎత్తి, టార్చి వేసి, ముల్లు కోసం వెదకుతూ కూర్చున్నాము. పది నిమిషాలు అలాగే పోయినవి. గుడి ఊడ్చే మామ్మ ఒకామె గేటు లోపలికి వచ్చి, విరిగిన కొమ్మ చూసి, "ముల్లు కాదయ్యా, జెముడుపాలు పడ్డాయి! నీళ్ళు కొట్టండి, ముందు నీళ్ళు కొట్టండి!" అని అరిచినది. ఉన్న రెండు బిందెల నీళ్ళూ ఆ కంటికే పోశాము.

పట్టణంలో కంటి డాక్టరుగారు ఏం చెట్టు అని అడిగారు. కాక్టస్ అన్నాము. "పాలు కారినవా?" అన్నారు. కారినవి. "అయితే అది కాక్టస్ కాదండీ" అని ఆయన మరల చాలాసేపు కడిగి, మందు వేసి పంపారు. రెండు రోజులు కన్ను తెరవలేకపోయినది. సుమారు రెండు వారాలకు చూపు బాగుపడినది. ఆ మామ్మ రాకపోతే ఏమయ్యేదో ఇప్పటికీ తలచుకోము.

ఆ పది నిమిషాల కోసమే ఈ వ్యాసం వ్రాస్తున్నాము.

మన భాషలో జెముడు అనే మాట కింద చాలా మొక్కలు ఉన్నవి. బొమ్మజెముడు, ఆకుజెముడు, కాడజెముడు, నాగజెముడు. ఇవన్నీ ఒక ఇంటివారే అనిపిస్తుంది. కాని మొదటి మూడూ ఒక కుటుంబం, నాగజెముడు వేరొక కుటుంబం. మొదటి మూడూ యుఫోర్బియాలు. ఆముదం చెట్టు వీటికి దూరపు చుట్టం. గాటు పెడితే తెల్లని పాలు కారును. నాగజెముడు ఒక్కటే అసలైన కాక్టస్. అది అమెరికా ఖండం నుండి వచ్చిన అతిథి. మన పెద్దలు దానిని చూసి, ఇదీ మన జెముడు వంటిదే గదా అని, ఆకు పడగలా ఉన్నది గనుక నాగ అని చేర్చి పిలుచుకొన్నారు. పేరు పెట్టడంలో తప్పేమీ లేదు. తప్పంతా ఒక పేరు వినగానే గుణము కూడా ఒకటే అనుకోవడంలో ఉన్నది.

ప్రపంచంలో కాక్టస్ జాతులు పదిహేను వందలకు పైగా ఉన్నవి. అవన్నీ అమెరికా ఖండాలలో పుట్టినవే. ఒక్క జాతి మాత్రం, చెట్ల కొమ్మల మీద వ్రేలాడే సన్నని తీగ వంటిది, ఆఫ్రికాలోనూ శ్రీలంకలోనూ సహజంగా కనబడుతుంది. కనుక మన కొండలలో తనంతట పుట్టిన ముళ్ళ మొక్కను చూసి కాక్టస్ అనుకొంటే దాదాపు ఎప్పుడూ పొరపాటే. రెండు వేర్వేరు కుటుంబాలు రెండు ఖండాలలో ఒకే కరువును ఎదుర్కొని ఒకే విధంగా మారినవి. ఆకులు వదులుకొన్నవి, కాండంలో నీరు దాచుకొన్నవి, ముళ్ళు కప్పుకొన్నవి. అందుచేతనే పోలిక.

ఇక గుర్తుపట్టడం ఎలాగు? ముల్లు చూడవద్దు, ముల్లు పుట్టిన చోటు చూడవలెను. కాక్టస్‌లో ప్రతి ముళ్ళ గుత్తి క్రింద ఒక చిన్న దిండు వంటి బొడిపె ఉంటుంది. చాలావాటిలో దాని మీద నూగు లేక దూది వంటి పదార్థం కనబడుతుంది. దీనిని అరియోల్ అంటారు. ముళ్ళు, పువ్వులు, పిలకలు సాధారణంగా ఆ దిండు దగ్గర నుండే వస్తాయి. నాగజెముడు పలక మీద చుక్కలు చుక్కలుగా కనబడేవి అవే. యుఫోర్బియాకు ఈ దిండు ఉండదు. బొమ్మజెముడు పలక అంచున చూస్తే ముళ్ళు సాధారణంగా జంటలుగా, మేక కొమ్ములవలె రెండు పక్కలకు ఉంటాయి. ఇంత చూస్తే నూటికి తొంభై సార్లు సరిపోతుంది. పాలు ఉన్నవా లేవా అని విరిచి చూడనక్కరలేదు. తప్పదు అనుకొంటే పొడుగాటి సూదితో, ముఖం దూరంగా పెట్టి, ఒక్క పోటు పొడవండి. పాలు వస్తే ఆ సూదిని కడిగి, చేతులు సబ్బుతో కడుక్కోండి. అయితే మామిలేరియా అనే బుడిపెల కాక్టస్‌లలో కొన్నిటికి కూడా పాలు వస్తాయి. అందుకే పాలు కాదు, దిండే మొదటి గుర్తు.

కంటిలో జెముడుపాలు పడితే చేయవలసినది ఒక్కటే. వెంటనే మంచినీళ్ళతో ఆపకుండా చాలాసేపు కడగవలెను. తల్లిపాలు, ఆముదం, పసరు ఏమీ పోయరాదు. కడిగిన తరువాత ఆలస్యం లేకుండా కంటి డాక్టరు వద్దకు వెళ్ళవలెను. విరిగిన కొమ్మ ముక్కను ప్లాస్టిక్ కవరులో వేసి వెంట తీసుకొని వెళ్ళండి. మనం చెప్పే పేరు కంటె ఆ ముక్కే డాక్టరుకు ఎక్కువ చెబుతుంది.

గుర్తింపు అనేది సరదా కోసమే అనుకొనేవారికి నాగజెముడు చరిత్ర చెప్పాలి. తూర్పు ఇండియా కంపెనీ రోజులలో ఎర్ర రంగుకు ప్రపంచమంతా గిరాకీ. ఆ రంగు నాగజెముడు మీద బ్రతికే కోచినీల్ అనే చిన్న పురుగు నుండి వచ్చేది. దాని వ్యాపారం స్పెయిన్ దేశం చేతిలో ఉండేది. మద్రాసులో జేమ్స్ ఆండర్సన్ అనే వైద్యుడు సైదాపేటలో నాగజెముడు తోట వేయించి పురుగు కోసం ఎదురుచూశాడు. 1795లో కెప్టెన్ నీల్సన్ అనే అతడు బ్రెజిల్ రేవు నుండి పురుగులను కలకత్తాకు తెచ్చాడు. తీరా చూస్తే అది మేలిరకం పురుగు కాదు, రంగు తక్కువ గల అడవి రకం. వ్యాపారం సాగలేదు. ఆ పురుగు మాత్రం ఒక జాతి నాగజెముడును తిని తిని దాదాపు లేకుండా చేసినది. ఇది బాగున్నదే, పొలాలను ఆక్రమించిన నాగజెముడునంతా ఇదే తినివేస్తుంది గదా అనుకొన్నారు. కాని మన దక్షిణాది బీళ్ళను ఆక్రమించిన నాగజెముడు వేరొక జాతి. పురుగు దానిని ముట్టలేదు. మనుష్యుల కంటికి రెండూ ఒకటే, పురుగుకు మాత్రం తేడా తెలుసు. చివరకు 1926లో శ్రీలంక నుండి మరొక జాతి కోచినీల్ పురుగును దక్షిణ భారతానికి తెచ్చి వదిలారు. కొద్ది సంవత్సరాలలోనే వేల ఎకరాలు శుభ్రపడినవి. ఇప్పటికీ నాగజెముడు పలకల మీద తెల్లని దూది వంటిది కనబడితే, పుల్లతో తీసి కాగితం మీద నలిపి చూడండి. రక్తంవలె ఎర్రని రంగు వస్తుంది. పిల్లలకు చూపించదగినది.

సండేస్కూలు పటాలలో పాలస్తీనా కొండల నడుమ నాగజెముడు వేసి ఉండడం పాఠకులు చూసే ఉంటారు. ఇప్పుడు అక్కడ అది విరివిగా ఉన్న మాట నిజమే. కాని 1492లో కొలంబస్ ప్రయాణం తరువాతనే అది సముద్రం దాటినది. కనుక ప్రభువు నడిచిన దారులలో నాగజెముడు లేదు. అలాగే చిన్న ఎర్ర పువ్వులు పూసే ముళ్ళ మొక్కను మనవాళ్ళు క్రీస్తు ముళ్ళ కిరీటం అని ప్రీతితో పెంచుకొంటారు. అది మడగాస్కర్ దీవి మొక్క. అదీ యుఫోర్బియాయే, పాలు ఉన్నవి, పిల్లలకు అందకుండా పెట్టవలెను. పాలస్తీనాలో క్రీస్తు ముల్లు అని శాస్త్రజ్ఞులే పేరు పెట్టిన చెట్టు ఒకటి ఉన్నది. అది మన రేగు జాతిది.

ముళ్ళు లేని కాక్టస్ కూడా ఉన్నది. మన ఊళ్ళలో బ్రహ్మకమలం అని పిలిచి, అర్ధరాత్రి వరకు మేలుకొని చూసే తెల్లని పువ్వు మొక్క కాక్టసే. మెక్సికో, మధ్య అమెరికా అడవులలో చెట్లను పట్టుకొని పెరుగుతుంది. హిమాలయాలలోని అసలు బ్రహ్మకమలం వేరు. అది చామంతి కుటుంబపు మొక్క, ఉత్తరాఖండ్ రాష్ట్ర పుష్పం. మన కుండీలో ఆకు అని అనుకొనేది ఆకు కాదు, బల్లపరుపు కాండం. దాని అంచున ఉన్న గంట్లలోనే దిండు దాగి ఉంటుంది, మొగ్గ అక్కడి నుండే వస్తుంది. మా ఇంట్లో మొదటిసారి ఒకే రాత్రి ఏడు పువ్వులు విచ్చినప్పుడు వీధిలోని అన్ని ఇళ్ళవారూ కుర్చీలు తెచ్చుకొని మా వాకిట్లో కూర్చున్నారు. తొమ్మిది గంటలకు విచ్చుకోవడం మొదలై, పన్నెండుకు పూర్తయినది. మా సతీమణి మూడుసార్లు టీ కాచినది. తెల్లవారేసరికి అన్నీ తలలు వ్రేలాడవేసినవి.

ఈ రోజులలో మన రైతులు కొందరు రాతి స్తంభాలకు ఎక్కించి పండిస్తున్న డ్రాగన్ ఫ్రూట్ కూడా రాత్రి పూసే కాక్టసే. నర్సరీలలో ఆకుపచ్చ కాడ మీద ఎర్రని లేక పసుపు పచ్చని బుడగ అతికించినట్లు ఉండే మొక్కలు అమ్ముతారు. అది రెండు మొక్కల అంటు. పై బుడగలో పత్రహరితం లేదు గనుక స్వంతంగా బ్రతకలేదు, క్రింది కాడే పోషిస్తుంది. ఆ కాడ సాధారణంగా డ్రాగన్ ఫ్రూట్ జాతిదే. పై బుడగ కొన్నేళ్ళకు చనిపోతే విచారించి అంతా పారవేయకండి. క్రింది కాడను గోడ పక్కన నాటితే అదే ఎగబ్రాకుతుంది. కొన్నిచోట్ల కాక్టస్ నెత్తిన ఎండుపువ్వు జిగురుతో అంటించి, పూసినది అని అమ్ముతారు. తాకి చూడండి, కాగితంవలె గలగలమంటుంది.

పెంచడం గురించి చెప్పవలసినది కొద్దిగానే ఉన్నది. ఈ మొక్కలను ఎండ కంటె ఎక్కువగా ప్రేమ చంపుతుంది. రోజూ నీళ్ళు పోసేవారి ఇంట్లో ఇవి నిలువవు. ఎందుకో తెలుసుకొంటే పొరపాటు జరగదు. మే నెలలో మనం పగలంతా తలుపులు మూసి, రాత్రి తెరచుకొని పడుకొంటాము గదా, ఇవీ అంతే. మిగిలిన మొక్కలు పగలు రంధ్రాలు తెరచి గాలి పీల్చుకొంటూ నీటిని పోగొట్టుకొంటాయి. కాక్టస్‌లు, కలబంద, రణపాల వంటివి పగలు మూసుకొని రాత్రి తెరుస్తాయి. రాత్రి పీల్చిన గాలిని పులుపుగా మార్చి దాచుకొని, పగటి వెలుగులో వాడుకొంటాయి. రణపాల ఆకు తెల్లవారుజామున నమిలితే పుల్లగాను, సాయంత్రానికి చప్పగాను ఉండడం పల్లెలవారికి తెలిసిన సంగతే. గుమ్మానికి తలక్రిందులుగా కట్టిన కలబంద మన్ను లేకుండా నెలల తరబడి పచ్చగా ఉండడానికి కారణం కూడా ఈ పొదుపే, మరేమీ కాదు.

మన్ను విషయం. ఒక పాలు తోటమన్ను, ఒక పాలు బాగా మాగిన పశువుల ఎరువు, రెండు పాళ్ళు ముతక ఏటి ఇసుక. సముద్రపు ఇసుక పనికిరాదు. అడుగున ఇటుక ముక్కలు వేసి, క్రింద రంధ్రం ఉన్న మట్టికుండీలో నాటవలెను. చీపురుపుల్లను కుండీ అడుగువరకు గ్రుచ్చి తీయండి. పుల్లకు తడిమన్ను అంటితే నీళ్ళు వద్దు. పొడిగా వస్తే అడుగు నుండి కారేవరకు పోసి, మరల పుల్ల పొడిగా వచ్చేవరకు దాని జోలికి పోకండి. వానాకాలం చూరు క్రిందికి జరపవలెను. ఒక సంవత్సరం అక్టోబరు ముసురులో మేము సభలకు పొరుగూరు వెళ్ళి అయిదు రోజులకు తిరిగి వచ్చేసరికి పదకొండు కుండీలు గుజ్జయి ఉన్నవి. మాస్టారు ఇచ్చిన బంతి కూడా వాటిలోనే పోయినది. ఆయనకు చెప్పడానికి మాకు వారం పట్టినది.

నర్సరీ నీడలో పెరిగినదానిని తెచ్చిన నాడే మిట్టమధ్యాహ్నపు ఎండలో పెడితే బొబ్బలెక్కి తెల్లబారుతుంది. రెండు మూడు వారాలు మెల్లగా అలవాటు చేయవలెను. ముక్క నాటేటప్పుడు కోసిన చోటు ఆరి పెచ్చు కట్టేవరకు, సుమారు వారం, నీడలో ఉంచి తరువాత నాటండి. పిండినల్లి పడితే దూదికి స్పిరిట్ అద్ది తుడవండి. నూగుముళ్ళు గ్రుచ్చుకొంటే గోళ్ళతో గీకకుండా ప్లాస్టరు అంటించి లాగండి. నాగజెముడు పండ్లు తిని నాలుక ఎర్రగా చేసుకొన్న మా బాల్యంలో ఈ ఉపాయం తెలియదు.

సక్యులెంట్ అంటే ఏమిటని కొందరు అడుగుతారు. ఒంట్లో నీరు దాచుకొనే మొక్క ఏదైనా సక్యులెంటే. ఆవకాయ ఊరగాయే గాని ఊరగాయలన్నీ ఆవకాయ కాదు గదా, కాక్టస్ సంగతీ అంతే. మనం పప్పులో వేసుకొనే గంగపాయల కూర, నల్లేరు, చాగ, కలబంద అన్నీ ఈ వరుసలోనివే. మన తెలుగునాటి రాళ్ళగుట్టల మీద కుందేటి కొమ్ములు అనే ముళ్ళు లేని నాలుగు పలకల మొక్క ఉన్నది. పచ్చిగానూ తింటారు, పచ్చడీ పెడతారు. సామర్లకోటలో ఉండి మన ప్రాంతపు మొక్కలను శోధించిన విలియం రాక్స్‌బర్గ్ 1795లో అచ్చు మొదలైన తన కోరమాండల్ తీరపు మొక్కల గ్రంథంలో ఈ జాతికి తెలుగువారు చెప్పిన పేరు కారల్లం అని వ్రాసుకొన్నాడు. ఈనాడు ప్రపంచమంతా వాడే కారల్లుమా అనే శాస్త్రనామం ఆ మాట నుండే వచ్చిందని వృక్షశాస్త్రజ్ఞులు చెబుతారు. పేరు అడిగి తెలుసుకొని వ్రాసిపెట్టుకొన్న మనిషి ఉండబట్టి ఆ తెలుగు మాట నిలిచింది.

గుట్టల మీద నుండి వీటిని వేళ్ళతో పెకలించి తేవద్దని యువజనులకు చెబుతున్నాము. ఒక చిన్న కొమ్మ చాలు, అదే వేరు పట్టుతుంది. 2015లో ప్రచురించిన అంతర్జాతీయ పరిశీలనలో కాక్టస్ జాతులలో నూటికి 31 అంతరించే ప్రమాదంలో ఉన్నట్లు తేలినది. దొంగతనంగా తవ్వి అమ్ముకోవడం అందుకు ఒక ముఖ్య కారణం. కొనేటట్లయితే నర్సరీలో పెంచినవే కొనండి. కడియం వైపు వెళ్ళేవారికి అక్కడి నర్సరీలలో ఎన్నో దొరుకుతాయి. ఇంకా దూరం వెళ్ళగలిగితే హర్యానాలోని పంచకులలో 1987లో మొదలైన జాతీయ కాక్టస్ ఉద్యానవనం ఏడు ఎకరాలలో ఉన్నది.

మా కుండీలన్నిటికీ ఇప్పుడు చీటీలు ఉన్నవి. పాత రేకు డబ్బాలను కత్తిరించి, అంచులు మడిచి, పెన్సిలుతో వ్రాస్తాము. సిరా ఒక వేసవికే వెలిసిపోతుంది. పెన్సిలు ఏళ్ళ తరబడి ఉంటుంది. పేరు, తెచ్చిన తేదీ, ఎవరు ఇచ్చారు అనే మూడు సంగతులు వ్రాస్తాము. పాలు ఉన్నవాటికి ఎర్ర రంగు చుక్క పెడతాము. ఆ చుక్కలు పెట్టే పని మా చిన్నమ్మాయిది. కాలేజీకి వెళ్ళినా సెలవులకు వచ్చి చూసి, చెరిగిన చుక్కలు మరల పెట్టి వెళ్ళుతుంది. ఒక కుండీ చీటీ మీద మాత్రం "పేరు తెలియదు, 2019, బజారు గేటు దగ్గర" అని ఉన్నది. దిండ్లు ఉన్నవి గనుక కాక్టస్ అని తెలుసు. ఏ కాక్టసో పువ్వు చూస్తే గాని చెప్పలేము. అది ఇంతవరకు పూయలేదు.

పిలకలు కావలసినవారు రావచ్చును. రంధ్రం పెట్టిన డబ్బా, చీటీకి ఒక రేకు ముక్క వెంట తెచ్చుకోండి.